నిర్మల్ ఉక్కు - అమెరికా ఉక్కు

నిర్మల్ పేరు చెప్పగానే అందరికీ కొయ్యబొమ్మలు జ్ఞాపకం వస్తాయి. కాని ఒకప్పుడు దూరదేశాల వర్తకులు ఈ ప్రాంతానికి బొమ్మల కోసం రాలేదు, ఉక్కు కోసం వచ్చారు.

నిర్మల్‌కు తూర్పున ఉన్న గుట్టలలో మంచి ఇనుపరాయి దొరికేది. నిర్మల్ నుంచి సుమారు 25 మైళ్ళ దూరాన, గోదావరికి దక్షిణంగా, కోనసముద్రం అనే గ్రామం ఉన్నది. ఆ ఊరి కమ్మరులు ఇనుపముక్కలను మట్టిమూసలో పెట్టి, మూతవేసి, మట్టితో మెత్తి, బొగ్గుల మధ్య ఉంచి, ఒక పగలూ ఒక రాత్రీ తిత్తులు ఊదేవారు. తరవాత మూస పగలగొడితే లోపల చిన్న ఉక్కుబిళ్ళ ఉండేది. దాని బరువు ఒకటి రెండు పౌన్లు మాత్రమే. కాని అటువంటి బిళ్ళలతో చేసిన కత్తులే డమాస్కస్ కత్తులని ప్రపంచమంతా పేరు పొందాయి. పర్షియాలోని ఇస్పహాన్ నుంచి వర్తకులు ఇంత దూరం వచ్చి, కొలిమి దగ్గరే ఉండి, తమ కళ్ళ ఎదుట ఉక్కు చేయించుకుని పట్టుకుపోయేవారు. 1820 ప్రాంతాల ఇదంతా కళ్ళారా చూసిన వాయ్‌సీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు ఆ వివరాలు వ్రాసిపెట్టాడు.

ఇప్పుడు అమెరికా సంగతి చూద్దాం. అక్కడ 1750 నాటికి అట్లాంటిక్ సముద్రతీరాన ఇంగ్లండు రాజుకు లోబడిన 13 వలసలు ఉండేవి. అక్కడ అడవులకు కొదవ లేదు, ఇనుపరాయికి కొదవ లేదు. కాని ఆ ఏడు ఇంగ్లండు పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం వలసలవారు ముడి ఇనుము తీసి ఇంగ్లండుకు పంపవచ్చు గాని, కొత్తగా ఉక్కు కొలుములు పెట్టరాదు. ఉక్కు సామాను ఇంగ్లండులో తయారు కావాలి, వలసలవారు దాన్ని కొనుక్కోవాలి! కోనసముద్రం కమ్మరి నిత్యం చేసే పనికి అమెరికాలో కొత్తగా కొలిమి పెడితే అది నేరమన్నమాట.

ఇటువంటి చట్టాలూ, తమను అడగకుండా వేసిన పన్నులూ వలసల ప్రజలకు కోపం తెప్పించాయి. 1775లో యుద్ధం మొదలయింది. 1776 జూలై 4న 13 వలసలూ తాము స్వతంత్రులమని ప్రకటించుకున్నాయి. జార్జి వాషింగ్టన్ సేనాపతిగా యుద్ధం సాగింది. 1783లో ఇంగ్లండు ఆ స్వాతంత్ర్యాన్ని ఒప్పుకున్నది. 1787లో రాజ్యాంగం తయారయింది. 1789లో వాషింగ్టన్ మొదటి అధ్యక్షుడయాడు. ఆయన కొలువులో ఆర్థికమంత్రి హామిల్టన్. మన వస్తువులు మనమే తయారు చేసుకుంటే తప్ప ఈ స్వాతంత్ర్యం నిలవదని అతను 1791లో పెద్ద నివేదిక వ్రాశాడు.

మనుషులంతా సమానులేనని స్వాతంత్ర్య ప్రకటనలో వ్రాసుకున్నారు. కాని దాన్ని రచించిన జెఫర్సన్ దగ్గరే బానిసలుండేవారు. 1793లో ఎలీ విట్నీ అనే అతను పత్తి నుంచి గింజలు వేరుచేసే యంత్రం కనిపెట్టాడు. నిర్మల్, ఆదిలాబాదు ప్రాంతాల పిల్లలకు పత్తిని గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. దూది నుంచి గింజ తియ్యటం ఎంత విసుగు పనో వాళ్ళకు తెలుసు. యంత్రం వచ్చి ఆ పని సులువు చేసింది. అయితే బానిసల కష్టం తగ్గిందా? తగ్గలేదు, పెరిగింది! పత్తి లాభసాటి కావటంతో దక్షిణాది ఆసాములు ఇంకా ఇంకా పొలాలు వేశారు, వాటిలో చాకిరీకి ఇంకా ఇంకా బానిసలను పెట్టారు. 1790లో సుమారు 7 లక్షలుగా ఉన్న బానిసలు 1860 నాటికి దాదాపు 40 లక్షలయారు.

ఈలోగా దేశం పడమటి వైపుకు పెరిగింది. 1803లో ఫ్రెంచివారి దగ్గిర లూసియానా అనే విశాలమైన ప్రాంతాన్ని కొనటంతో దేశం రెండింతలయింది. 1825లో 363 మైళ్ళ ఈరీ కాలువ పూర్తి అయింది. 1830 నుంచి రైళ్ళు వచ్చాయి. 1860 నాటికి సుమారు 30 వేల మైళ్ళ రైలుదారి పడింది. దేశం ఇలా పెరుగుతూంటే, ఆ నేలమీద తరతరాలుగా ఉంటున్న ఆదివాసులను తరిమివేశారు. అందుకు 1830లో చట్టం కూడా చేశారు.

1860 సంవత్సరం నిర్మల్‌కూ మరపురానిది, అమెరికాకూ మరపురానిది. ఇంగ్లీషువారినీ నైజాం సైన్యాన్నీ ఎదిరించిన గోండు నాయకుడు రాంజీ గోండును ఆ ఏడే నిర్మల్‌లో ఉరితీశారు. ఒక మర్రిచెట్టుకు వెయ్యిమందిని ఉరివేశారని ఇక్కడివారు చెప్పుకుంటారు. ఆ చెట్టుకు 'వెయ్యి ఉరుల మర్రి' అనే పేరు నిలిచిపోయింది. అదే ఏడు నవంబరులో అమెరికాలో అబ్రహాం లింకన్ అధ్యక్షుడుగా ఎన్నికయాడు. బానిసత్వం పెరగరాదన్న లింకన్ గెలవటం చూసి దక్షిణాది రాష్ట్రాలు విడిపోయాయి. 1861 నుంచి 1865 దాకా అంతర్యుద్ధం జరిగింది. అందులో 6 లక్షలమందికి పైగా సైనికులు చనిపోయారు. చివరకు 1865లో దేశమంతటా బానిసత్వం రద్దయింది.

ఆ తరవాత అమెరికాకు ఉక్కుయుగం వచ్చింది. అది ఎలా వచ్చిందో తెలియాలంటే, అసలు ఉక్కు అంటే ఏమిటో తెలియాలి. ఇనుములో కర్బనం, అంటే బొగ్గులో ఉండే పదార్థం, ఎంత కలిసి ఉన్నదనేదే కీలకం. పోత ఇనుములో అది నూటికి 3, 4 పాళ్ళు ఉంటుంది. అందుచేత దెబ్బకొడితే పగులుతుంది. కర్బనం దాదాపు లేని ఇనుము మెత్తగా ఉండి వంగుతుంది. ఈ రెంటికీ మధ్యది ఉక్కు. మన కమ్మరులు మూసలో సాధించినది ఆ కొలతనే. ఆ ఉక్కు ఇంగ్లండుకు 'ఊట్జ్' అనే పేరుతో చేరింది. 'ఉక్కు' అన్న మాటే అలా మారిందని చెబుతారు. 1795లో పియర్సన్, 1819లో ఫారడే దాన్ని పరీక్షించారు. ఉత్తరోత్తరా విద్యుత్తులో మహాశాస్త్రజ్ఞుడైన ఈ ఫారడే ఒక కమ్మరి కొడుకు!

1856లో బెస్సెమర్ అనే ఇంగ్లీషువాడు మరొక పద్ధతి బయటపెట్టాడు. కరిగిన పోత ఇనుములోకి గాలిని జోరుగా పంపితే, ఆ గాలి తగిలి అందులోని కర్బనం మండిపోతుంది. ఆ మంటకు ఇనుము మరింత వేడెక్కుతుందే గాని చల్లారదు. అమెరికాలో కెల్లీ అనే అతను కూడా ఇటువంటి ప్రయోగాలే చేశాడు. ఈ పద్ధతిలో టన్నులకొద్దీ ఉక్కు సుమారు 20 నిమిషాలలో తయారవుతుంది. కోనసముద్రంలో ఒక పగలూ ఒక రాత్రీ కష్టపడితే మూసకు ఒక బిళ్ళ వచ్చేది!

1869 మే 10న అమెరికా తూర్పు పడమరలను కలిపే రైలుదారి పూర్తి అయింది. తూర్పు నుంచి ఒక కంపెనీ 1,086 మైళ్ళు, పడమర నుంచి మరొక కంపెనీ 690 మైళ్ళు వేసుకుంటూ వచ్చి ప్రామంటరీ అనే చోట కలుసుకున్నాయి. రెండూ కూడి చూడండి, 1,776 వస్తుంది. అది స్వాతంత్ర్యం ప్రకటించిన సంవత్సరమే! పడమటి కొండలను తొలిచి దారి వేసినవారిలో చాలామంది చైనా కూలీలు.

ఇనుప పట్టాలు త్వరగా అరిగిపోయేవి. ఉక్కు పట్టాలు ఎన్నోరెట్లు మన్నేవి. స్కాట్లండు నుంచి వచ్చిన ఒక పేద నేతగాడి కొడుకు ఆండ్రూ కార్నెగీ ఇది గ్రహించి, 1875లో పిట్స్‌బర్గ్ దగ్గిర పెద్ద ఉక్కు కర్మాగారం నడపసాగాడు. 1890 నాటికి ఉక్కు తయారీలో అమెరికా ఇంగ్లండును మించిపోయింది. ఒకప్పుడు కొత్త కొలిమి పెట్టరాదన్న ఇంగ్లండునే మించిపోయింది! అయితే కార్నెగీ కంపెనీకే చెందిన హోమ్‌స్టెడ్‌లో 1892లో కూలి తగ్గించబోతే కార్మికులు ఎదురుతిరిగారు. కొట్లాటలో ఇరువైపులా మనుషులు చనిపోయారు.

అదే కాలంలో కోనసముద్రం కొలుములు ఒక్కొక్కటే చల్లారాయి. ఇంగ్లండులో యంత్రాలమీద చౌకగా తయారైన ఇనుమూ, ఉక్కూ ఓడలలో వచ్చిపడ్డాయి. చేతితో చేసిన బిళ్ళ వాటితో పోటీపడలేకపోయింది. మన కమ్మరులకు నేర్పు తక్కువ కాలేదు. ఆ నేర్పును పెద్ద కర్మాగారంగా మార్చటానికి పెట్టుబడి పెట్టి, చట్టాలు చేసి, అండగా నిలిచే ప్రభుత్వం వాళ్ళకు లేదు. అమెరికావారు 1776లో సంపాదించుకున్నది అదే.

ఉక్కు విద్య మన దేశానికి మళ్ళీ వచ్చింది, అదీ అమెరికా మీదుగానే. 1902లో జంషెడ్జీ టాటా అమెరికా వెళ్ళి అక్కడి ఉక్కు కర్మాగారాలు చూశాడు. పెరిన్ అనే అమెరికన్ ఇంజనీరును సలహాకు పిలిచాడు. టాటా 1904లో చనిపోయినా పని ఆగలేదు. 1907లో కంపెనీ ఏర్పడింది. 1912లో, తరవాత జంషెడ్‌పూర్ అయిన చోట, మొదటి ఉక్కు తయారయింది. మన తెలుగునాట విశాఖ ఉక్కు కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేసిన ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు, కరీంనగర్ ప్రాంతంలోని వంగరలో పెరిగినవాడే.

ఉత్తర తెలంగాణాలో ఎన్నో ఊళ్ళ పొలాలలో, పాటిదిబ్బలమీద నల్లగా, బరువుగా, బుడగలు బుడగలుగా ఉండే గట్టిముద్దలు ఇప్పటికీ కనిపిస్తాయి. అది ఆ నాటి కొలుముల నుంచి వచ్చిన చిట్టెం. మీకెక్కడైనా అటువంటిది దొరికితే, దొరికిన చోటు గుర్తుపెట్టుకుని, బడికి పట్టుకెళ్ళి మాస్టారికి చూపించండి.