పంటి డాక్టరుకు నాలుగు చేతులు

పిప్పిపన్ను నొప్పితో మీరెప్పుడైనా దంతవైద్యుని దగ్గరకు వెళ్ళారా? వెళ్ళి ఉంటే కుర్చీకి ఒకవైపు డాక్టరు, రెండోవైపు మరొక వ్యక్తి ఉండడం చూసే ఉంటారు. డాక్టరు మీ నోటి మీది నుంచి చూపు తిప్పకుండానే చెయ్యి చాస్తారు. కావలసిన పరికరం ఆ చేతిలోకి వచ్చి చేరుతుంది. నోట్లో నిండిన నీళ్ళు ఎప్పటికప్పుడు మాయమవుతాయి. ఈ పనులు చేసే వ్యక్తినే డెంటల్ అసిస్టెంటు అంటారు.

పరికరాలు అందించడమే కదా, దానికి చదువెందుకు అనుకుంటున్నారా? ఆ పరికరం మీకంటే ముందు మరొకరి నోట్లో ఉండి వచ్చింది! ఇప్పుడది శుభ్రంగా ఉందని మీకు హామీ ఇచ్చేదెవరు? చాలా చోట్ల ఆ అసిస్టెంటే. ఆ హామీ ఇవ్వడం ఎలాగో నేర్చుకోవడమే ఈ శిక్షణలో అన్నిటికన్నా పెద్ద పాఠం. మిగతా పాఠాలు కూడా తక్కువవేమీ కావు. ఒక్కొక్కటే చూద్దాం.

మొదట పళ్ళ లెక్క

పెద్దవారికి 32 పళ్ళు, పిల్లలకు 20 పాలపళ్ళు ఉంటాయని మీరు చదువుకున్నారు. అసిస్టెంటు ప్రతి పంటినీ నంబరుతో గుర్తుపట్టాలి. చాలా దేశాల్లో వాడే పద్ధతి ఇది. నోటిని నాలుగు భాగాలు చేస్తారు. పై కుడి భాగం 1, పై ఎడమ 2, కింది ఎడమ 3, కింది కుడి 4. ఇక్కడ కుడి ఎడమలు రోగివి, డాక్టరువి కావు. తరువాత ప్రతి భాగంలోనూ నడిమధ్య నుంచి వెనక్కు లెక్కపెడతారు. కుంతకాలు 1, 2; రదనిక 3; అగ్రచర్వణకాలు 4, 5; చర్వణకాలు 6, 7, 8. పాలపళ్ళు ఉన్న భాగాలకు 5 నుంచి 8 వరకు అంకెలు వాడతారు.

ఇప్పుడు 36 అంటే ఏ పన్ను? కింది ఎడమ భాగంలో మొదటి చర్వణకం. నాలుకతో తడిమి చూడండి. దాదాపు ఆరేళ్ళ వయసులో పాలపళ్ళ వెనకాల వచ్చే పన్ను ఇది. ఇదీ ఊడిపోయే పాలపన్నే అనుకుని చాలామంది అశ్రద్ధ చేస్తారు. కాని ఇది పోతే మళ్ళీ రాదు!

ఈ నంబరును 'ముప్పయ్యారు' అని చదవకూడదు, 'మూడు-ఆరు' అనాలి. మొదటి అంకె భాగాన్ని, రెండో అంకె పంటిని చెబుతాయి. 26కు బదులు 36 అని రాస్తే ఏమవుతుందో ఊహించండి. చికిత్స మంచి పంటికి జరిగిపోతుంది.

గడియారంలో చోటు

పడుకున్న రోగి తల చుట్టూ ఒక పెద్ద గడియారం ఉందనుకోండి. నడినెత్తి వైపు 12, పాదాల వైపు 6. కుడిచేతి వాటం డాక్టరు 7కూ 12కూ మధ్య కూర్చుంటారు. అసిస్టెంటు చోటు 2కూ 4కూ మధ్య. పరికరాలు చేతులు మారవలసింది 4కూ 7కూ మధ్య, అంటే గడ్డానికి దిగువన. ముఖం మీదుగా మాత్రం ఎన్నడూ అందించకూడదు. చేయి జారితే కింద ఉన్నది కన్ను!

అసిస్టెంటు ఎడమచేయి పరికరాలు అందిస్తుంటే, కుడిచేయి నీటిని పీల్చే గొట్టం పట్టుకుంటుంది. అన్ని నీళ్ళు ఎక్కడివి? పంటిని తొలిచే యంత్రం నిమిషానికి 3 లక్షలకు పైగా చుట్లు తిరుగుతుంది. ఆ రాపిడి వేడికి పంటి లోపలి మెత్తని కణజాలం దెబ్బతినకుండా దాని మీద నీటి తుంపర పడుతూనే ఉంటుంది. ఆ నీరు గొంతులోకి జారకముందే లాగేయాలి. గొట్టం నాలుక వెనక్కు పోతే రోగికి వాంతి వస్తుంది, బుగ్గకు ఆనితే చర్మం అతుక్కుంటుంది. ఎక్కడ పెట్టాలన్నది చేసి నేర్చుకోవలసిందే.

కుక్కరు లాంటి పెట్టె

ఇక అసలు పాఠం. వాడిన పరికరాన్ని ముందు బాగా కడగాలి. ఎండిన రక్తం, లాలాజలం పొరగా ఉంటే సూక్ష్మజీవులు ఆ పొర కింద దాక్కుంటాయి. కడిగేటప్పుడు మందమైన చేతి తొడుగులు తప్పనిసరి. ఎందుకంటే కాలేయానికి జబ్బు తెచ్చే హెపటైటిస్-బి వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. కనుక ఈ పనిలో చేరేవారు ఆ జబ్బుకు టీకా వేయించుకోవాలి.

తరువాత ఆరబెట్టి, సంచుల్లో మూసి, ఆటోక్లేవ్ అనే పెట్టెలో ఉంచాలి. నీళ్ళలో మరగబెడితే చాలదా? చాలదు. కొన్ని బాక్టీరియాలు సిద్ధబీజాలుగా మారి గట్టి కవచంలో ఉంటాయి. 100 డిగ్రీల సెంటీగ్రేడు వేడిని అవి తట్టుకోగలవు. నీటిని తెరిచిన గిన్నెలో ఎంతసేపు మరిగించినా అంతకు మించి వేడెక్కదు. ఆవిరిని బంధించి పీడనం పెంచితే మాత్రం ఉష్ణోగ్రత పెరుగుతుంది. మీ ఇంట్లో ప్రెషర్ కుక్కరులో పప్పు త్వరగా ఉడికేదీ ఇందుకే. చదరపు అంగుళానికి 15 పౌన్ల అదనపు పీడనం ఉంటే ఆవిరి 121 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడిలో 15 నిమిషాలు ఉంటే సిద్ధబీజాలు కూడా చస్తాయి. 134 డిగ్రీలయితే 3 నిమిషాలు చాలు. 1879లో ఫ్రాన్సులో ఈ పరికరాన్ని తయారుచేసిన చార్లెస్ షాంబర్లాండ్ లూయీ పాశ్చర్ దగ్గర పనిచేసిన శాస్త్రజ్ఞుడు.

పెట్టెలో సంచులను కుక్కకూడదు, మధ్య ఆవిరి తిరగడానికి చోటుండాలి. తడిగా ఉండగానే తీయకూడదు. తడిసిన కాగితం గుండా సూక్ష్మజీవులు తిరిగి లోపలికి వెళతాయి.

సంచి మీది గుర్తు రంగు మారితే వేడి తగిలిందని తెలుస్తుంది. అన్నీ చచ్చాయని ఎలా తెలుస్తుంది? అందుకొక చమత్కారమైన పరీక్ష ఉంది. వేడిని బాగా తట్టుకునే జియోబాసిల్లస్ స్టీరోథర్మోఫిలస్ అనే బాక్టీరియా సిద్ధబీజాలను కావాలనే పెట్టెలో పెడతారు. తరువాత వాటికి ఆహారం, వెచ్చదనం ఇచ్చి చూస్తారు. అవి పెరగకపోతే పెట్టె సరిగా పనిచేసినట్టు. పెరిగితే ఆ పెట్టెను నమ్మకూడదు!

గిన్నెలో రసాయన శాస్త్రం

పళ్ళకు తీగలు కట్టాలన్నా, కట్టుడు పళ్ళు చేయాలన్నా ముందు దవడ అచ్చు తీయాలి. ఇందుకు వాడే ఆల్జినేట్ అనే పొడి గోధుమరంగు సముద్రపు నాచు నుంచి వస్తుంది. నీళ్ళు పోసి రబ్బరు గిన్నెలో గబగబా కలపాలి. అందులోని కాల్షియం నాచు పదార్థపు పొడవాటి గొలుసులను ఒకదానికొకటి ముడివేయగా, ముద్ద కొద్ది నిమిషాల్లోనే రబ్బరులా గట్టిపడుతుంది. నీరు వేడిగా ఉంటే ఇంకా త్వరపడుతుంది. మన వేసవిలో కుళాయి నీటితో కలిపితే నోట్లో పెట్టకముందే గిన్నెలోనే బిగుసుకోవచ్చు. అందుకే చల్లని నీళ్ళు వాడాలి. తీసిన అచ్చు గాలికి ఆరితే కుంచించుకుపోతుంది, నీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది. కొలత మారిన అచ్చుతో చేసిన పళ్ళు నోట్లో పట్టవు.

కనిపించని కిరణాలు

అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరంలో ఎడ్మండ్ కెల్స్ అనే దంతవైద్యుడు ఉండేవాడు. 1885లో ఆయన మాల్వీనా క్యూరియా అనే మహిళను సహాయకురాలిగా పెట్టుకున్నాడు. ఈ వృత్తి చరిత్ర సాధారణంగా ఆమెతోనే మొదలుపెడతారు. ఆ రోజుల్లో స్త్రీలు ఒంటరిగా డాక్టరు దగ్గరకు వెళ్ళడానికి జంకేవారు. లోపల ఒక మహిళ ఉందని తెలిశాక ధైర్యంగా రాసాగారు.

1895లో రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. వాటిని పళ్ళకు ఉపయోగించిన తొలి అమెరికన్లలో కెల్స్ ఒకడు. యంత్రం సరిగా ఉందో లేదో చూడడానికి ఆయన తన చేతినే కిరణాలకు అడ్డం పెట్టేవాడు. నొప్పి లేదు, వేడి లేదు. కాని ఏళ్ళు గడిచేసరికి వేళ్ళకు క్యాన్సర్ సోకింది. మొదట వేళ్ళు, ఆపైన చెయ్యి తీసేయవలసి వచ్చింది. 1928లో ఆయన మరణించాడు.

అందుకే నేటి శిక్షణలో ఒక కఠినమైన నియమం ఉంది. రోగి నోట్లో ఉంచిన ఫిల్మును అసిస్టెంటు తన వేలితో పట్టుకోకూడదు. అడ్డుగోడ వెనకకు, అది లేకపోతే కనీసం 2 మీటర్ల దూరానికి, కిరణాల దారికి పక్కగా తప్పుకోవాలి. దూరం రెట్టింపయితే కిరణాల తీవ్రత నాలుగో వంతు అవుతుంది, మూడు రెట్లయితే తొమ్మిదో వంతు.

హద్దు తెలియాలి

చివరి పాఠం, చేయకూడనివి. తొలచడం, పీకడం, మత్తు సూది వేయడం డాక్టరు పనులు. ఎన్నేళ్ళు చూసినా అవి అసిస్టెంటుకు రావు, చేయకూడదు. పళ్ళ గార తీసే డెంటల్ హైజినిస్టు, కట్టుడు పళ్ళు తయారుచేసే డెంటల్ మెకానిక్ వేరు. మన దేశంలో ఈ ఇద్దరినీ 1948 నాటి దంతవైద్యుల చట్టం విడిగా గుర్తించింది. ఆ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. అసిస్టెంట్లలో కొందరు కోర్సు చదివి వస్తారు. చిన్న క్లినిక్కుల్లో చాలామంది పనిలో చేరాకనే నేర్చుకుంటారు. ఎక్కడ నేర్చుకున్నా పాఠాలు ఇవే. ఎవరూ చూడనప్పుడు కూడా వరస తప్పకుండా చేయడమే పరీక్ష.

ఈసారి మీరు ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు పరికరాల సంచిని మీ ఎదుటే తెరుస్తున్నారేమో, గుర్తు రంగు మారి ఉందేమో గమనించండి. తెలియకపోతే మర్యాదగా అడగండి. మంచి అసిస్టెంటు ఆ ప్రశ్నకు సంతోషంగా జవాబు చెబుతారు.