రికవరీ ఏజెంట్ కాల్ వచ్చిందా? డబ్బు పంపే ముందు క్రెడిట్ రిపోర్ట్ తెరవండి

గత ఏడాది ఒక ఫోన్ మీద కన్నేశా. క్రెడిట్ కార్డుతో కొంటే 5,000 రూపాయల తగ్గింపు. ఉద్యోగం ఉంది, జీతం టైమ్‌కి పడుతోంది, కార్డు ఇస్తారులే అని అప్లై చేశా. కాసేపట్లోనే రిజెక్ట్! కారణం క్రెడిట్ హిస్టరీ అట. నేనెప్పుడు లోన్ తీసుకున్నానబ్బా అనుకున్నా.

తీసుకున్నా, తెలియలేదంతే. బీటెక్ ఫైనల్ ఇయర్‌లో ఒక షాపింగ్ యాప్‌లో పే లేటర్ ఆన్ చేసి ఇయర్‌బడ్స్ కొన్నా. ఒక బడ్ పని చేయలేదు, రిటర్న్ చేశా. రీఫండ్ వచ్చింది కానీ 199 రూపాయల ఛార్జ్ ఏదో మిగిలిపోయింది. ఆటో డెబిట్‌కి ఇచ్చింది కాలేజీ రోజుల అకౌంట్, అందులో బ్యాలెన్స్ సున్నా. ఆ 199 కాస్తా పెనాల్టీలు కలుపుకుని 3,840 అయి కూర్చుంది.

రెండు వారాలకు కాల్ వచ్చింది. కార్డు అప్లికేషన్‌లో ఇచ్చిన కొత్త నంబర్ రిపోర్ట్‌లోకి ఎక్కిందనుకుంటా. "సార్, ఇవాళ సాయంత్రంలోపు 1,500 కడితే మొత్తం క్లోజ్ చేసేస్తాం, సిబిల్ కూడా క్లియర్ అయిపోతుంది" అన్నాడు. వెంటనే ఒక యూపీఐ ఐడీ పంపాడు. చూస్తే ఎవరో మనిషి పేరు మీద ఉంది. 3,840కి 1,500 అంటే లాభమే కదా అని నేను పిన్ కొట్టేదాకా వెళ్లా. బ్యాంకులో పని చేసే మా అక్కకి ఎందుకో ఫోన్ చేశా కాబట్టి బతికిపోయా. "ఒరేయ్, కట్టకు. ముందు రిపోర్ట్ తీసి అందులో ఏముందో చదువు" అంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. మన దేశంలో మామూలుగా క్రెడిట్ రిపోర్ట్‌లో రికవరీ ఏజెన్సీ పేరు ఉండదు. అప్పు ఇచ్చిన బ్యాంకో ఎన్‌బీఎఫ్‌సీనో ఉంటుంది. షాపింగ్ యాప్ పేరు కూడా వెతికితే దొరకదు, దాని వెనకాల లోన్ ఇచ్చిన కంపెనీ పేరే కనిపిస్తుంది. ఏజెన్సీ అంటే ఆ కంపెనీ తరఫున ఫోన్లు చేసే వాళ్లు, అంతే. మీ రిపోర్ట్‌లో ఒక్క అక్షరం మార్చే అధికారం వాళ్లకి లేదు. ఒకవేళ ఆ అప్పును అసెట్ రీకన్‌స్ట్రక్షన్ కంపెనీకి అమ్మేస్తే మాత్రం అప్పుదారు వాళ్లే అవుతారు, మాట్లాడాల్సింది కూడా వాళ్లతోనే.

రిపోర్ట్ కోసం డబ్బు కట్టక్కర్లేదు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అని మనకు నాలుగు క్రెడిట్ బ్యూరోలున్నాయి. ఒక్కొక్కటీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్ట్ ఫ్రీగా ఇవ్వాలి. వాళ్ల వెబ్‌సైట్‌లోకి వెళ్తే సబ్‌స్క్రిప్షన్ ప్లాన్లు పెద్ద బటన్లతో కనిపిస్తాయి, ఫ్రీ లింక్ ఎక్కడో మూలన ఉంటుంది. ఓపిగ్గా వెతకండి.

రిపోర్ట్ తెరిచాక స్కోర్ నంబర్‌ని కాసేపు పక్కన పెట్టండి. అకౌంట్ స్టేటస్, డీపీడీ అనే రెండు చోట్లే చూడండి. డీపీడీ అంటే కట్టాల్సిన తేదీ దాటి ఎన్ని రోజులైందో నెలనెలా వేసిన లెక్క. 90 రోజులు దాటితే అది మొండి బాకీ కింద లెక్క. స్టేటస్ దగ్గర 'రిటన్ ఆఫ్' అని ఉంటే అప్పు మాఫీ అయిందని సంబరపడకండి. అది కంపెనీ తన పద్దుల్లో చేసుకున్న సర్దుబాటు, మీ బాకీ మీకే ఉంది. 'సెటిల్డ్' అంటే మొత్తం కట్టకుండా తక్కువకి ఒప్పుకున్నారని అర్థం. ఏజెంట్ నాకు ఆఫర్ చేసింది ఇదే. 1,500 కట్టి ఉంటే కాల్స్ ఆగేవేమో కానీ, రేపు హోమ్ లోన్‌కి వెళ్లినా ఆ 'సెటిల్డ్' మాట అక్కడే ఉండేది. మనకు కావాల్సింది 'క్లోజ్డ్'. నిజంగా కట్టలేని పెద్ద అప్పు అయితే సెటిల్‌మెంట్ తప్పకపోవచ్చు, దాన్ని తప్పు పట్టను. నాలుగు వేల కోసం మాత్రం ఆ ముద్ర వేయించుకోవద్దు.

నేను లోన్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టా. రిటర్న్ రసీదు, రీఫండ్ స్క్రీన్‌షాట్ జత చేసి, 3,840 ఎలా అయిందో లెక్క అడిగా. రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం ఇలాంటి లోన్ల మీద పెనాల్టీ వేయొచ్చు, ఆ పెనాల్టీ మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. తొమ్మిది రోజుల తర్వాత ఛార్జీలు రద్దు చేస్తున్నామని, 199 కడితే క్లోజ్ చేస్తామని రిప్లై వచ్చింది. ఆ మాట మెయిల్‌లో వచ్చాకే, కంపెనీ సొంత యాప్‌లోనే కట్టా. నో డ్యూస్ సర్టిఫికెట్ అడిగి తీసుకున్నా.

అసలు ఆ లోన్ మీది కాకపోతే, అంటే మీ పాన్‌తో ఇంకెవరో తీసుకుని ఉంటే, ఒక్క రూపాయి కూడా కట్టకండి. బ్యూరో సైట్‌లో డిస్ప్యూట్ పెట్టండి, కంపెనీకీ రాయండి, సైబర్ క్రైమ్ నంబర్ 1930కి ఫిర్యాదు చేయండి. డిస్ప్యూట్‌ని 30 రోజుల్లో తేల్చాలి. ఆ పైన ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి రూల్ ఉంది. అప్పటికీ కదలకపోతే ఆర్‌బీఐ ఓంబుడ్స్‌మన్‌కి సీఎంఎస్ పోర్టల్‌లో ఫ్రీగా కంప్లెయింట్ చేయొచ్చు. హెల్ప్‌లైన్ 14448.

ఇక కాల్స్ సంగతి. బాకీ కోసం ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బూతులు తిట్టడం, ఇంట్లో వాళ్లకీ ఫ్రెండ్స్‌కీ ఫోన్ చేసి పరువు తీయడం కుదరదు. ఏజెన్సీ తప్పు చేసినా బాధ్యత లోన్ ఇచ్చిన కంపెనీదే. కాల్ రికార్డ్ చేసుకోండి. గూగుల్ డయలర్ ఉన్న ఫోన్లలో "రికార్డ్ అవుతోంది" అని అవతలి వాళ్లకి వినిపిస్తుంది కదా, రివ్యూల్లో నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో ఆ ఫీచర్‌ని. ఆ అనౌన్స్‌మెంట్ వినగానే మా ఏజెంట్ గొంతు మాత్రం ఒక్కసారిగా మర్యాదగా మారింది.

లోన్ కంపెనీలు బ్యూరోలకు క్రమం తప్పకుండా డేటా పంపాలి. నా రిపోర్ట్‌లో నెల తిరిగేలోపే 'క్లోజ్డ్' అని మారింది. పాత నెలల డీపీడీ మాత్రం హిస్టరీలో అలాగే ఉంది, స్కోర్ మెల్లగానే లేస్తోంది. ఫోన్ ఆఫర్ ఎప్పుడో అయిపోయింది, పూర్తి ధర పెట్టి డెబిట్ కార్డుతోనే కొన్నా. మొన్న ఇంకో ఏజెన్సీ నుంచి అదే బాకీకి మళ్లీ కాల్ వచ్చింది. నో డ్యూస్ పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపా. బ్లూ టిక్స్ పడ్డాయి, తర్వాత ఇంకో కాల్ రాలేదు.