త్రాసు కనిపించని ఆట

సంక్రాంతి వచ్చిందంటే గోదావరి జిల్లాల్లో జూదం తన ముఖాన్ని దాచుకోదు. భీమవరం చుట్టుపక్కలా, కోనసీమ తోటల్లోనూ కోడిపందేల బరులు వెలుస్తాయి. వాటి పక్కనే గుండాట, కోతాట శిబిరాలు నడుస్తాయి. మన ఇళ్లలోని పెద్దలు పిల్లల చెయ్యి పట్టుకుని ఆ దారినుండి తప్పించి తీసుకువెళ్తారు. అది జూదమని, జూదం నిషిద్ధమని చెప్పడానికి వారికి ఏ సంకోచమూ ఉండదు.

అదే పిల్లవాడు ఇంట్లో ఒక మూల కూర్చుని ఫోన్‌లో ఆట ఆడుకుంటుంటే మనకు నిశ్చింతగా ఉంటుంది. ఎండలో తిరగడం లేదు, చెడు సావాసం లేదు, పైగా ఆట ఉచితం. ‘ఖర్చేముందిలే’ అనుకుంటాం. ఈ నిశ్చింతను ఒకసారి పరీక్షించుకోవాలని మేము కోరుతున్నాము. ఆట నిషిద్ధమని చెప్పడం మా ఉద్దేశం కాదు. అయితే పదిమంది కలిసి ఆడే ఈ ఉచిత ఆటల్లో మోసం రెండు వైపులనుండి ప్రవేశిస్తున్నది. ఒక వైపు, త్రాసును దాచిపెట్టి అమ్మే వ్యాపారి. మరో వైపు, త్రాసును కదిపి గెలిచే ఆటగాడు. మన పిల్లలు మొదటివాని చేతిలో మోసపోవచ్చు, రెండవవానిగా మారనూవచ్చు.

ఉచితం వెనుక వ్యాపారం

పబ్‌జీ, దాని భారతీయ రూపమైన బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ వంటి ఆటలను దించుకోవడానికి పైసా చెల్లించనక్కరలేదు. ఆడేవారిలో అధికులు ఎన్నడూ ఏమీ కొనరు. కొనే కొద్దిమంది చెల్లించే సొమ్ముతోనే వ్యాపారం నడుస్తుంది. వారు కొనేది గెలుపును కాదు, అలంకారాన్ని. ఆటలోని తమ బొమ్మకు కొత్త దుస్తులు, తుపాకీకి కొత్త రంగు, వాహనానికి కొత్త తొడుగు. వీటిని ‘స్కిన్’లంటారు. స్కిన్ వేసుకున్నంత మాత్రాన ఆటగాని బలం పెద్దగా పెరగదు. డబ్బున్నవాడూ లేనివాడూ సమానంగా పోటీ పడాలన్నదే ఈ పద్ధతికి ఉన్న సమర్థన. ఆ మేరకు అందులో న్యాయం లేకపోలేదు.

ఒక దుస్తుకు ఇంత అని ధర చెప్పి అమ్మితే అది సాధారణ క్రయవిక్రయమే. అందులో అడగవలసిన ప్రశ్న దుబారా గురించి మాత్రమే. ఆటలో తప్ప ఎక్కడా కనిపించని చొక్కాకు ఇంటి సొమ్ము వెచ్చించడం ఇస్రాఫ్ అవుతుందా అని తండ్రి, కొడుకు కూర్చుని మాట్లాడుకోవచ్చు. చిక్కంతా ధర చెప్పకుండా అమ్మేచోట మొదలవుతుంది.

రాయి విసిరే బేరం

బీజీఎంఐ ఆడే ఏ కుర్రవాణ్ణి అడిగినా ‘ఎం416 గ్లేషియర్’ అంటే ఏమిటో చెబుతాడు. మంచు రంగు పూసిన తుపాకీ అది. అది ‘క్రేట్’ అనే పెట్టెలోనుండి రావాలి. రూపాయలిచ్చి ‘యూసీ’ కొనాలి, యూసీ ఇచ్చి పెట్టె తెరవాలి. పెట్టెలో ఏముందో తెరిచేదాకా తెలియదు. ఎక్కువసార్లు పనికిమాలిన వస్తువే వస్తుంది. ఫ్రీ ఫైర్‌లో రూపాయలను ‘డైమండ్లు’గా మార్చి చక్రం తిప్పుతారు. పేరు మారినా పని ఒక్కటే.

అరబ్బుల అజ్ఞానకాలంలో ఒక బేరం ఉండేది. కొనేవాడు గులకరాయి విసురుతాడు. అది ఏ వస్త్రం మీద పడితే ఆ వస్త్రం ముందే చెప్పిన ధరకు అతనిదవుతుంది. దైవప్రవక్త (స) ఈ రాయి బేరాన్నీ, కొనే వస్తువేమిటో తెలియని అనిశ్చిత బేరాలన్నిటినీ నిషేధించారు. ధర్మశాస్త్ర పండితులు దీనిని ‘గరర్’ అంటారు. నీటిలోని చేపను, ఆకాశంలోని పక్షిని పట్టకముందే అమ్మడాన్ని వారు ఉదాహరణగా చూపుతారు. గోదావరి వాసులకు ఇది వివరించనక్కరలేదు. వరద నీటికి ఎదురీదుతున్న పులసను చూపించి, వల వేయకముందే ‘డబ్బిచ్చేయండి, పడితే మీది, పడకపోతే మీ అదృష్టం’ అనే జాలరిని మనలో ఎవరూ నమ్మరు. క్రేట్ అమ్మేవాడు చేస్తున్నది అచ్చంగా అదే.

లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. కోరుకున్న వస్తువు వచ్చే అవకాశం నూటికి ఒకటి అనుకోండి. నూరు పెట్టెలు తెరిస్తే తప్పక వస్తుందని పిల్లలు భావిస్తారు. నిజానికి నూరేసి పెట్టెలు తెరిచిన ప్రతి వందమందిలో 36, 37 మందికి అది అప్పటికీ రాదు. ప్రతి పెట్టె కొత్త జూదమే. నిన్న పోగొట్టుకున్నది ఈనాటి అవకాశాన్ని ఇసుమంత కూడా పెంచదు. కొన్ని ఆటల్లో ఇన్ని పెట్టెల తర్వాత తప్పక ఇస్తామన్న హామీ ఉంటుంది. అయితే ఆ హామీయే పిల్లవాణ్ణి చివరిదాకా ఖర్చు పెట్టిస్తుంది.

దీనికి తోడు మరికొన్ని ఉపాయాలున్నాయి. రూపాయి యూసీగా మారగానే దాని విలువ కంటికి ఆనదు. కావలసిన వస్తువు ధరకు, అమ్మే యూసీ కట్టలకు పొంతన ఉండదు. కొంత మిగులుతుంది, ఆ మిగులు మరో కొనుగోలుకు పిలుస్తుంది. ‘ఈ రాత్రితో ముగింపు’ అనే గడియారం తిరుగుతూ ఉంటుంది. తల్లిని అడిగే వ్యవధి కూడా ఇవ్వకపోవడమే ఆ గడియారం పని.

చట్టాలు ఎంతవరకు వచ్చాయి?

ఈ పెట్టెలు జూదమేనా అని ప్రపంచమంతా చర్చించింది. బెల్జియం జూద నియంత్రణ సంస్థ 2018లో డబ్బుతో కొనే ఇటువంటి పెట్టెలు తమ చట్టం ప్రకారం జూదమేనని తేల్చింది. ఏ వస్తువుకు ఎంత అవకాశమో బయటపెట్టాలని చైనా 2017లోనే ఆదేశించింది. అమెరికాలో ఫోర్ట్‌నైట్ ఆటను నడిపే ఎపిక్ సంస్థ, గందరగోళపు మీటలతో ఆటగాళ్లచేత అనుకోని కొనుగోళ్లు చేయించిందన్న అభియోగంపై వినియోగదారులకు 24.5 కోట్ల డాలర్లు తిరిగి ఇవ్వడానికి 2022 డిసెంబరులో అంగీకరించింది.

దక్షిణ కొరియా ఉదంతం ఇంకా గమనించదగినది. అక్కడి నెక్సాన్ సంస్థ మేపుల్‌స్టోరీ అనే ఆటలో ‘క్యూబ్’ అనే వస్తువును అమ్మేది. ఆటగాని సామగ్రికి అది ఏ గుణాన్ని చేరుస్తుందో అదృష్టం మీద ఆధారపడి ఉండేది. జనం బాగా కోరుకునే గుణాలు వచ్చే అవకాశాన్ని సంస్థ గుట్టుగా తగ్గించిందనీ, కొన్ని మేళవింపులకైతే అసలు అవకాశమే లేకుండా చేసిందనీ అక్కడి వాణిజ్య నియంత్రణ సంస్థ నిర్ధారించి, 2024 జనవరిలో 1,160 కోట్ల వాన్‌ల జరిమానా విధించింది. రాని వస్తువు కోసం జనం ఏళ్ల తరబడి డబ్బు చెల్లించారన్నమాట. అదే ఏడాది మార్చిలో అవకాశాలను తప్పనిసరిగా ప్రకటించాలన్న చట్టం అక్కడ అమలులోకి వచ్చింది. తమకు రావలసినది నిండుగా కొలిపించుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని ఖుర్‌ఆన్ 83వ సూరా ‘అల్ ముతఫ్ఫిఫీన్’ తీవ్రంగా హెచ్చరిస్తుంది. కొలపాత్ర కంప్యూటర్‌లోకి మారినంత మాత్రాన ఆ హెచ్చరిక మారదు.

మన రాష్ట్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరులో, 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటి పందెపు ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఇవి మంచి అడుగులే. అయితే వాటి గురి డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటలపై ఉంది. డబ్బు పెట్టి రంగు బొమ్మను ‘గెలుచుకునే’ పెట్టె వంటి వాటికి కుటుంబమే కాపలా ఉండాలి.

తడిసిన ధాన్యం

ఇక ఆటగాడు చేసే మోసం. గోడ అవతలి ప్రత్యర్థి కనబడేలా చేసే ‘వాల్‌హ్యాక్’, గురి తనంతట తానే కుదిరే ‘ఎయిమ్‌బాట్’ వంటి ప్రోగ్రాములు అమ్మకానికి దొరుకుతాయి. ఆట సాగడానికి చుట్టుపక్కల ప్రత్యర్థుల ఉనికి మన ఫోన్‌కు చేరుతుంది. తెరపై చూపకూడని ఆ సమాచారాన్ని ఈ ప్రోగ్రాములు దొంగచాటుగా చదువుతాయి. ఉచిత ఆటల్లో ఈ జాడ్యం ఎక్కువ కావడానికి కారణం ఉంది. పట్టుబడి ఖాతా పోయినా మరో ఖాతా ఉచితంగా తెరుచుకోవచ్చు. అందుకే బీజీఎంఐని నడిపే క్రాఫ్టన్ సంస్థ 2021 డిసెంబరు నుండి మోసగాళ్ల ఖాతాతోపాటు ఫోన్‌నే నిషేధించడం ప్రారంభించింది. ఇంట్లో అందరికీ కలిపి ఉన్న ఒకే ఫోన్ మీద ఆ ముద్ర పడితే తమ్ముడూ, చెల్లెలూ కూడా ఆ ఆటకు దూరమవుతారు.

ఇది పిల్లచేష్ట కాదు, పెద్ద వ్యాపారం. 2021లో చైనా పోలీసులు ‘చికెన్ డ్రమ్‌స్టిక్’ అనే ముఠాకు చెందిన 10 మందిని అరెస్టు చేసి, సుమారు 4.6 కోట్ల డాలర్ల ఆస్తులను స్వాధీనం చేసుకున్నారు. వారు అమ్మినవి ఆటల్లో మోసం చేసే ప్రోగ్రాములే. ఇక ఉచితంగా పంచే ప్రోగ్రాముల ధర మరోలా ఉంటుంది. టెలిగ్రాంలో దొరికే ‘మోడ్ ఏపీకే’ను ఫోన్‌లో వేసుకుంటే అది ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడగవచ్చు. ఆ ఎస్సెమ్మెస్‌లలోనే బ్యాంకు ఓటీపీలు ఉంటాయి.

2018 అక్టోబరులో షాంఘైలో జరిగిన కౌంటర్ స్ట్రైక్ పోటీలో ఆప్టిక్ ఇండియా జట్టు ఆడింది. ఆట నడుస్తుండగా ఆ జట్టులోని ఒక ఆటగాని కంప్యూటర్‌లో ‘వర్డ్’ పేరుతో దాచిన మోసపు ప్రోగ్రాము దొరికింది. జట్టును పోటీనుండి వెళ్లగొట్టారు, ఆ తర్వాత జట్టే రద్దయింది. తప్పు ఒక్కడిది, ఉపాధి పోయినది మిగిలిన నలుగురికి కూడా. మోసం ఎన్నడూ చేసినవాని దగ్గరే ఆగదు.

దైవప్రవక్త (స) ఒకనాడు బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టగా వేళ్లకు తడి తగిలింది. వానకు తడిసిందని వ్యాపారి చెప్పాడు. తడిసిన దానిని జనానికి కనబడేలా పైన ఎందుకు పోయలేదని ఆయన మందలించి, మోసం చేసేవాడు తమవాడు కాడని స్పష్టం చేశారు. ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటిందా లేదా అని గింజ గింజా చూసుకునే రైతు కుటుంబాలు మనవి. అక్కడ తేమ దాచడం తప్పని తెలిసిన ఇంట్లో, తెర వెనుక గురి దాచడం తెలివి ఎలా అవుతుంది? ‘అది ఆటే కదా’ అన్న మాట సరిపోదు. ఓడిన అవతలివాడు బొమ్మ కాదు. మరో ఊళ్లో, మరో ఇంట్లో న్యాయంగా ఆడుతున్న మనిషి.

ఎవరి చెమట?

కోనసీమనుండి, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలనుండి ఎందరో స్త్రీపురుషులు గల్ఫ్ దేశాలకు వెళ్లి కష్టపడుతున్నారు. పిల్లలు నానీల దగ్గర, దాదీల దగ్గర పెరుగుతారు. డబ్బు పెద్దల ఖాతాలో పడుతుంది, ఫోన్ మాత్రం మనుమడు నడుపుతాడు. పెద్దావిడకు యూపీఐ తెలియదు కనుక పిన్ కూడా అతనికే తెలుస్తుంది. ప్రమాదానికి ఇంతకంటే ఏం కావాలి? 2022 జూన్‌లో హైదరాబాదులో 16 ఏళ్ల బాలుడు తాతగారి ఫోన్‌లో ఆట దించుకుని, మొదట చిన్న మొత్తాలతో మొదలుపెట్టి, తల్లి ఖాతాలనుండి దాదాపు 36 లక్షల రూపాయలు ఆటకు చెల్లించాడని పోలీసులకు ఫిర్యాదు అందింది. తల్లి బ్యాంకుకు వెళ్లేదాకా ఆమెకు ఆ సంగతే తెలియదు.

కనుక కొన్ని జాగ్రత్తలు. పిల్లలాడే ఫోన్‌లో బ్యాంకు ఖాతా లేకుండా చూడండి. తప్పనిసరైతే పిన్ పెద్దల దగ్గరే ఉండాలి, ‘ఆటోపే’ అనుమతులు తీసివేయాలి. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా అమర్చండి. బీజీఎంఐలో 18 ఏళ్లలోపువారికి రోజుకు 3 గంటల పరిమితి, పెద్దల అనుమతికి ఓటీపీ అనే నియమాలు పెట్టారు. ఓటీపీ వచ్చే ఫోనే పిల్లవాని చేతిలో ఉంటే ఆ నియమాలు కాగితం మీదనే మిగులుతాయి. తెలియక కొనుగోలు జరిగితే 48 గంటల్లోపు గూగుల్ ప్లేలో వాపసు కోరండి. సైబర్ మోసమైతే ఆలస్యం చేయక 1930కి ఫోన్ చేయండి. నిజం చెప్పిన పిల్లవాణ్ణి కొట్టకండి. కొడితే రెండోసారి దాస్తాడు, దాచినకొద్దీ నష్టం పెరుగుతుంది. ఫలానా కొనుగోలు ధర్మసమ్మతమా కాదా అన్న సందేహం వస్తే ఉలమాలను అడగండి. అడిగేటప్పుడు పెట్టె ఎలా పనిచేస్తుందో పూర్తిగా వివరించండి.

ఓటమిని నేర్పుదాం

ఇస్లాం ఆటకు శత్రువు కాదు. దైవప్రవక్త (స) తన సతీమణి ఆయిషా (ర)తో పరుగుపందెం ఆడారు. మొదటిసారి ఆమె గెలిచారు. కొంతకాలానికి ఆయన గెలిచి, నాటి ఓటమికి ఇది బదులని చమత్కరించారు. ఆయనకు ‘అద్‌బా’ అనే ఒంటె ఉండేది. దానిని ఏ ఒంటే మించలేదని ప్రతీతి. ఒకనాడు ఒక ఎడారి పల్లీయుని ఒంటె దానిని దాటిపోయింది. సహచరులు బాధపడ్డారు. ఈ లోకంలో పైకి లేచిన దేనినైనా దించడం దైవవిధానమని చెప్పి ఆయన వారిని ఓదార్చారు. ఆ పల్లీయుని గెలుపును తక్కువ చేయలేదు.

మోసపు ప్రోగ్రాము కొనే కుర్రవాడికీ, నూరో పెట్టె తెరిచే కుర్రవాడికీ కొరవడినది ఇదే. ఒకడు ఓటమిని భరించలేడు, మరొకడు ఇతరుల ముందు సాదాగా కనబడడాన్ని భరించలేడు. ఈ రెండింటినీ భరించే గుండెను ఏ కంపెనీ అమ్మదు. అది ఇంట్లోనే తయారుకావాలి. ఈ వారం మీ పిల్లవాని పక్కన కూర్చుని ఒక ఆట చూడండి. అతడు న్యాయంగా ఆడి ఓడిపోతే, గెలిచిన రోజున మెచ్చుకున్నంతగానూ మెచ్చుకోండి. సంతానం మన దగ్గరున్న అమానతు. వారి చేతికి ఫోన్ ఇచ్చినట్లే త్రాసును కూడా ఇద్దాం. అల్లాహ్ మనకు ఆ సామర్థ్యాన్ని ప్రసాదించుగాక.