దివిసీమ యానాదులు

యానాదులు ఆంధ్ర ప్రదేశ్ లోని ఒక షెడ్యూల్డు తెగ. రాష్ట్రపు మైదాన ప్రాంత గిరిజనులలో వీరి సంఖ్య ఎక్కువ. నెల్లూరు సీమ వీరికి పుట్టిల్లు వంటిది. కృష్ణా జిల్లా దివిసీమలో కాలువ గట్ల మీద, చేల అంచున, మడ అడవుల పక్కన వీరి గూడేలు ఉన్నాయి.

ప్రాంతం

కృష్ణానది పులిగడ్డ వద్ద రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయలకు, సముద్రానికి నడుమ ఏర్పడిన లంకయే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మండలాలు ఇందులోనివి. ఘంటసాల ఈ లంకకు వెలుపల, నదికి ఉత్తరాన ఉన్నది. అయినా అది పాత దివి తాలూకాలోని గ్రామమే.

చరిత్ర

"అనాది" అను మాట నుండి యానాది అను పేరు వచ్చినదని చెబుతారు. వీరి మాతృభాష తెలుగు. రెడ్డి యానాదులు, చల్లా యానాదులు, అడవి యానాదులు అనే శాఖలు ఉన్నాయి. బ్రిటిషు పాలనలో వీరిలో కొందరిని నేరస్థ తెగల చట్టం కిందకు తెచ్చి పోలీసు నిఘాలో ఉంచారు. ఆ ముద్రను తొలగించడానికి నెల్లూరు ప్రాంతపు సంఘసేవకుడు వెన్నెలకంటి రాఘవయ్య చాలాకాలం కృషి చేశారు. 1962లో వీరిపై ఒక ఆంగ్ల గ్రంథం కూడా ప్రచురించారు. చట్టం 1952లో రద్దయినది కాని, తెగ పేరును తిట్టుగా వాడే అలవాటు తెలుగునాట ఇంకా పోలేదు.

జీవనోపాధి

వరి చేలలో ఎలుకలు పట్టుట వీరి పేరెన్నికగన్న విద్య. అడుగున చిల్లు ఉన్న కుండలో గడ్డి కూరి నిప్పు పెడతారు. కుండ మూతిని కలుగుకు ఆనించి, చిల్లు గుండా ఊదుతారు. అంతకు ముందే మిగిలిన కన్నాలన్నీ మూసివేస్తారు. పొగకు ఊపిరాడక ఎలుక చిక్కుతుంది. అది కలుగులో దాచుకున్న ధాన్యం పట్టినవారి వంతు. పొలమంతటికీ పని ఒప్పుకున్నప్పుడు సాయంత్రం బుట్టలు పెట్టి తెల్లవారుజామున తీస్తారు. కూలి ఎలుకల లెక్కన ముడుతుంది. ఏ కన్నం కొత్తది, ఏది ఎలుక వదిలిపోయినది అన్నది మట్టిని చూసి చెప్పగలరు. విషపు ఎరతో పని లేకుండా పంటను కాపాడే ఈ నేర్పును వ్యవసాయ విజ్ఞానంగా ఎంచవలసి ఉండగా, హీనమైన పనిగా చూచుట విచారకరం.

సముద్రం వైపు గూడేలవారు మడ అడవులలో పీతలు పడతారు. పోటు తీసి నీరు తగ్గినప్పుడు బురదలో నడచి వెళ్ళి, చివర కొక్కెం ఉన్న ఇనుప చువ్వతో మండపీతను బొరియ నుండి లాగుతారు. వలలు, పడవలు లేనివారు కాలువలలో చేతులతోనే చేపలు పడతారు.

ఆచారాలు

ఒకే ఇంటిపేరు గలవారి మధ్య వివాహం జరుగదు. తగవులను కులపెద్దలు తీరుస్తారు. చెంచమ్మను కొలుస్తారు. మూలికా వైద్యంలో వీరికి మంచి పేరున్నది.

ప్రస్తుత స్థితి

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచివేసి వేలాది ప్రాణాలు తీసినది. గట్టి ఇల్లు, మెరక నేల లేని కూలి కుటుంబాలకు అటువంటి రాత్రి తలదాచుకునే చోటే ఉండదు. తరువాతి దశాబ్దాలలో వరి పొలాలు అనేకం రొయ్యల, చేపల చెరువులుగా మారినవి. చెరువులో ఎలుక కలుగు ఉండదు కనుక ఆ మేరకు యానాదుల పని పోయినది. మడ అడవులు 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలో చేరినవి. అక్కడ పీతల వేటకు అటవీశాఖ నిబంధనలు అడ్డు వస్తాయి. దివిసీమ షెడ్యూల్డు ప్రాంతం కాదు. కనుక ఏజెన్సీలో గిరిజనుల భూమిని ఇతరులు కొనకుండా ఆపే చట్టం ఇక్కడ వర్తించదు. కాలువ గట్టు పోరంబోకు మీద వేసుకున్న గుడిసెకు పట్టా ఉండదు. పట్టా, కుల ధ్రువపత్రం లేనివారికి తెగకు ఉద్దేశించిన ఇంటి స్థలం, విద్యార్థి వేతనం వంటివి అందుట కష్టం.