ఉక్కునగరంలో చద్దికుండ

భిలాయి అనగానే ఎవరికైనా స్ఫురించేది ఉక్కు. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఈ తేదీలు అందరికీ తెలిసినవే. అయితే ఆ ఫర్నేసుకు పునాదులు తవ్విన కూలీలు పొద్దున్నే ఏమి తిని పనిలోకి దిగారో ఏ శిలాఫలకమూ చెప్పదు. చుట్టుపక్కల పల్లెల నుంచి తట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చినవారి సొంత తిండి బాసీ.

ఛత్తీస్‌గఢ్‌కు "ధాన్ కా కటోరా" అని పేరు. అంటే ధాన్యపు గిన్నె. రాత్రి వండిన అన్నంలో నీళ్లు పోసి ఉంచి, తెల్లవారి తింటే అది బాసీ. అన్నం చల్లారాక అప్పటికప్పుడు నీళ్లు పోసుకుంటే బోరే. తెల్లవారేసరికి అన్నం మీది నీరు కొద్దిగా పులుస్తుంది. పాలను పెరుగుగా మార్చే జాతి సూక్ష్మజీవులదే ఆ పని. అందులో ఇంత ఉప్పు వేసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటారు. దొరికితే పెరుగు, పక్కన ఏదో ఒక "భాజీ", అనగా ఆకుకూర. మే నెల ఎండలో చెమటోడ్చే శరీరానికి నీరు, ఉప్పు, బలము మూడూ ఒక్క గిన్నెలో దొరకడం చిన్న విషయం కాదు.

తెలుగువారికి ఇందులో వింత ఏముంది? ఇది మన చద్దన్నమే. ఆ పులిసిన నీరు మన తరవాణికి తోబుట్టువు. విజయనగరం నుంచి రాయపూర్‌కు 1931 నాటికే రైలు దారి పూర్తయింది. ఉత్తరాంధ్ర నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ భిలాయి చేరినవారికి అదే దగ్గరి దారి. భాష మారినా వంటిల్లు అంతగా మారలేదు. బియ్యప్పిండితో పోసే చీలా అట్టుకు చుట్టం. ఆవిరిమీద ఉడికించే ఫరా కుడుములను తలపిస్తుంది. బస్తర్ గిరిజనుల మడియా పేజ్ అచ్చంగా చోడి అంబలి. అక్కడి సల్ఫీ మన మన్యంలోని జీలుగుకల్లు. అయినా నెలజీతం అలవాటైన ఇళ్లలో, ఇటువారైనా అటువారైనా, చద్దికుండను అతిథి కంటపడకుండా దాచారు. ఆకలిని తీర్చిన తిండి పేదరికానికి గుర్తయిపోయింది.

కర్మాగారం కట్టడానికి వచ్చిన సోవియట్ నిపుణుల దేశంలోనూ పులిసిన పానీయాలకు కొదువ లేదు. రై రొట్టెను నానబెట్టి పులియబెట్టే క్వాస్ రష్యన్ల వేసవి దాహానికి మందు. వోల్గా తీరంలో చెబొక్సారీ రాజధానిగా గల చువాష్ జాతివారి వంటలు మరీ చిత్రమైనవి. గొర్రె పొట్టసంచిలో మాంసం కూరి గంటల తరబడి పొయ్యిలో మగ్గబెట్టేది షర్తాన్. మాంసము, బంగాళాదుంపలు పిండిలో మూసి కాల్చేది హుప్లు. మొలకెత్తిన ధాన్యంతోను హాప్స్ పూలతోను వారు కాచే బీరు పేరు "సరా". మన సారాకు దీనికి చుట్టరికం కలపడానికి తొందరపడనక్కరలేదు. చువాష్ సరా పులియబెట్టినది, పెళ్లిలోను పండుగలోను అతిథికి అందించే గౌరవం. మన సారా బట్టీలో దించినది. బస్తర్‌లో బియ్యంతో పులియబెట్టే లందా ఆ సరాకు దగ్గర.

బట్టీ సంగతి వచ్చేసరికి ఇప్పపూవు గుర్తుకు రాక తప్పదు. మార్చి, ఏప్రిల్ నెలలలో తెల్లవారుజామున చెట్టుకింద రాలిన తియ్యని పూలను ఏరి ఎండబెడతారు. ఆ పూలను వేయించి తింటారు, ఉడికించి తింటారు. కరువు రోజుల్లో అదే భోజనం. దానినే కాచి దించితే మహువా సారా. గోండుల దేవతారాధనలో దానికొక స్థానముంది. కాని కూలి డబ్బు చేతికి రాగానే కొనుక్కుని తాగే మద్యం వేరు. భిలాయికి ఇనుపరాయిని అందించిన దల్లీ-రాజహరా గనులలో 1977లో శంకర్ గుహా నియోగి నాయకత్వాన ఏర్పడిన కార్మికసంఘం కూలిరేట్ల కోసం పోరాడి, పెరిగిన కూలి మద్యం దుకాణానికి పోవడం చూసి మద్యవ్యతిరేక ఉద్యమం చేపట్టింది. ఇంటి కుండలోకి చేరవలసిన బియ్యం ఎక్కడికి పోతున్నదో ఆడవారికి వేరే చెప్పవలసిన పని లేదు. 1983లో కార్మికులు తమ ఆసుపత్రిని తామే నెలకొల్పుకున్నారు. 1991 సెప్టెంబరు 28న నియోగి భిలాయిలో నిద్రలో ఉండగా హత్యకు గురయ్యారు. ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారాను నిషేధించారు.

బాసీకి పరువు రావడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. 2022 మే 1న, కార్మిక దినోత్సవం నాడు, శ్రామికుల గౌరవార్థం అందరూ బోరే-బాసీ తినాలని అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ పిలుపునిచ్చారు. మంత్రులు, కలెక్టర్లు గిన్నెలు ముందు పెట్టుకుని ఫోటోలు దిగారు. అందులో ప్రదర్శన పాలు ఎంతో కొంత లేకపోలేదు. ఆ గిన్నెల పక్కన పెట్టినవి మాత్రం కూలీల మూటల్లో ఎప్పుడూ ఉండేవే: ఒక ఉల్లిపాయ, రెండు పచ్చిమిరపకాయలు, ఇంత భాజీ.