వినబడని మాట... ఇద్దరు చెప్పాలి!

చెవికి ఏమైందో డాక్టరు చెబుతారు. మరి సరిగా వినబడని మనిషికి రోజు ఎలా గడుస్తుందో ఎవరు చెప్పాలి? ఆ మనిషే చెప్పాలి. పక్కనే ఉండి రోజూ మాట కలిపేవారూ చెప్పాలి. వినికిడి లోపంతో బతకడం గురించి ఇద్దరు కలిసి నడిపే కార్యక్రమాలకు ప్రేరణ ఇదే. ఒక్కరే చెబితే సగమే తెలుస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా మాటమాటకీ ‘ఆఁ?’ అంటుంటే ఆ రెండో సగం మీ దగ్గరే ఉందని గుర్తుంచుకోండి.

వందేళ్ల కిందటి జంట

హెలెన్ కెల్లర్ పేరు మీరు పాఠాల్లో చదివే ఉంటారు. 19 నెలల వయసులో జబ్బు చేసి చూపు, వినికిడి రెండూ కోల్పోయారు. 1887లో ఆనీ సలివన్ టీచరుగా వచ్చి, అరచేతిలో అక్షరాలు రాస్తూ భాష నేర్పించారు. పాఠాల్లో అంతగా కనిపించని సంగతి మరొకటుంది. 1920 నుంచి కొన్నేళ్లపాటు ఈ ఇద్దరూ అమెరికా నాటకశాలల్లో దాదాపు 20 నిమిషాల ప్రదర్శన ఇచ్చారు. ముందు ఆనీ వేదిక మీదికొచ్చి హెలెన్ ఎలా నేర్చుకున్నారో చెప్పేవారు. తర్వాత హెలెన్ మాట్లాడేవారు. ఆ పైన ప్రేక్షకులు ప్రశ్నలు అడిగేవారు. వాటిని ఆనీ చేతిలో రాసి చూపితే హెలెన్ చమత్కారంగా జవాబిచ్చేవారు.

వారిని వేదికెక్కించిన కారణాల్లో డబ్బు అవసరం ఒకటి. దాన్ని హెలెన్ దాచుకోలేదు. జనంతో నేరుగా మాట్లాడటం ఆమెకు ఇష్టం కూడా. ఆనీకి మాత్రం ఆ జీవితం నచ్చలేదు. అప్పటికే చూపు మందగించిన ఆమెకు వేదిక దీపాల వెలుగు బాధపెట్టేది. తోడుండే మనిషికీ ఓ కష్టం ఉంటుందని ఈ జంట కథ చెబుతుంది. ఇంట్లో ఒకరికి వినబడకపోతే అలసిపోయేది ఆ ఒక్కరే కాదు.

మనకూ అలవాటే

ఇద్దరు ముగ్గురు గొంతు కలిపి చెప్పడం తెలుగువారికి కొత్తేమీ కాదు. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు. జనం మనసులో ఉన్న ప్రశ్న వంత అడుగుతాడు, కథకుడు విడమరిచి చెబుతాడు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి కలిసి పిల్లల కార్యక్రమం నడిపిన తీరు పాత తరానికి ఇప్పటికీ గుర్తే. వినికిడి గురించిన కార్యక్రమంలోనూ పని అలాగే పంచుకోవచ్చు. అనుభవం ఒకరిది, ప్రశ్న మరొకరిది. అయితే ఇక్కడ ఒక చిక్కుంది. ఎవరి గురించి చెబుతున్నామో వారికే మాట అందకపోతే ఎలా? అందుకే అక్షరాలు తెర మీద కనిపించాలి, వీలైతే సైగ భాష ఉండాలి. ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్‌లో బధిరుల వార్తలు చూసినవారికి దాని విలువ తెలుసు.

‘కావాలనే వినడు’ అనకండి

వయసుతో వచ్చే లోపంలో సాధారణంగా ముందు సన్నని శబ్దాలు పోతాయి. అచ్చులు బాగానే వినబడతాయి. స, చ, త, క, ప లాంటి హల్లులు కలిసిపోతాయి. ‘తాతా, పాలు తాగినవా?’ అని మనవరాలు అడిగితే ‘కాలు నొప్పి తగ్గింది బిడ్డా’ అంటారు తాత. అందరూ నవ్వుతారు. నాలుగుసార్లు అలా అయ్యాక ఆయన మాట్లాడటమే తగ్గించేస్తారు. పెళ్లిలో మూలన కూర్చుంటారు, ఫోను ఎత్తరు. ఇంట్లోవారేమో ‘తనకు కావాల్సినవి మాత్రం వినబడతాయి’ అనుకుంటారు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఎదురుగా ఒక్కరే మాట్లాడితే వినబడే మాట పది మంది సందడిలో వినబడదు. అది మొండితనం కాదు.

ఇద్దరూ ఒకేచోట కూర్చుని చెప్పుకొంటే ఈ అపోహ తొలగుతుంది. ‘మీరు గట్టిగా అరిస్తే నాకు కోపంగా అన్నట్టు ఉంటుంది’ అని ఆయన అంటారు. ‘నాలుగుసార్లు చెప్పి చెప్పి విసుగొస్తుంది’ అని ఈమె అంటుంది. రెండూ నిజాలే.

ఆలస్యమైతే నష్టమెంత?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 60 ఏళ్లు దాటినవారిలో నాలుగో వంతు మందికి పైగా ఇబ్బందిపెట్టే స్థాయిలో వినికిడి లోపం ఉంది. మతిమరుపు జబ్బు ముప్పును పెంచే, మనం సరిదిద్దుకోగల కారణాల్లో వినికిడి లోపం ముఖ్యమైందని ‘లాన్సెట్’ కమిషన్ 2020లో చెప్పింది. 2023లో వెలువడిన ఓ అమెరికా అధ్యయనంలో 70 నుంచి 84 ఏళ్ల మధ్య ఉన్న 977 మందిని మూడేళ్లు గమనించారు. మొత్తంగా చూస్తే వినికిడి యంత్రాలతో తేడా కనిపించలేదు. ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో మాత్రం జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గే వేగం 48 శాతం మేర నెమ్మదించింది.

పిల్లల విషయంలో గడువు ఇంకా తక్కువ. మొదటి నెలలో పరీక్ష, మూడో నెలకల్లా నిర్ధారణ, ఆరో నెలకల్లా చికిత్స మొదలవ్వాలన్నది నిపుణుల మాట. భాష నేర్చుకునే వయసు దాటిపోతే తిరిగి రాదు.

పాలమూరు వలస కూలీల సంగతీ మరవకూడదు. రాళ్లు కొట్టే యంత్రాలు, డ్రిల్లింగ్, మిక్సర్ల మధ్య ఏళ్ల తరబడి పనిచేసేవారి చెవి దెబ్బతింటుంది. రోజుకు 8 గంటలు 85 డెసిబెల్స్‌కు మించిన మోత పడితే లోపలి చెవిలోని రోమ కణాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. చనిపోయిన ఆ కణాలు మళ్లీ పుట్టవు.

తిమ్మాజిపేట నుంచి ఎటు వెళ్లాలి?

నాగర్‌కర్నూల్‌లో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ముందు జిల్లా ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. ఒక్కోసారి గులిమి గట్టిపడటమే కారణం కావచ్చు. పుల్లలు, పిన్నులు పెట్టకండి, నూనె పోయకండి. ఇంకా పెద్ద పరీక్షలు కావాలంటే హైదరాబాద్ కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆదాయ పరిమితికి లోబడినవారికి కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం కింద వినికిడి యంత్రాలు ఇస్తారు. అర్హులైన చిన్నపిల్లలకు కాక్లియర్ ఇంప్లాంటూ దీని కింద అందుతుంది.

ఒక చెవి ఉన్నట్టుండి వినబడకుండా పోతే మాత్రం ‘రేపు చూద్దాం’ అనకండి. ఎంత త్వరగా మందు మొదలుపెడితే తిరిగి వినబడే అవకాశం అంత ఎక్కువ.

మీరూ నడపొచ్చు

మార్చి 3 ప్రపంచ వినికిడి దినం. మీ ఊరి బడిలోనో, అపార్ట్‌మెంట్ హాల్లోనో పావుగంట కార్యక్రమం పెట్టుకోవచ్చు. ఖర్చేమీ కాదు.

• వినికిడి లోపం ఉన్నవారు ఒకరు, వారింటి మనిషి ఒకరు పక్కపక్కన కూర్చోవాలి. ముఖాల మీద వెలుతురు పడాలి, ఫ్యాను, టీవీ ఆపాలి.

• చెప్పే విషయాలు పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాయాలి.

• ముందుగా వినబడనివారే మాట్లాడాలి. వారి తరఫున మరొకరు జవాబు చెప్పకూడదు.

• అరవకుండా, ఎదురుగా నిలబడి, కాస్త నెమ్మదిగా ఎలా మాట్లాడాలో చేసి చూపించాలి. అర్థం కాకపోతే అదే మాట పదే పదే అనకుండా మరో మాటతో చెప్పాలి. ‘పాలు’ అందకపోతే ‘గ్లాసులో పోసినవి తాగినవా?’ అనండి.

• వినికిడి యంత్రం పెట్టిన తొలి వారాల్లో ఎంత చికాకుగా ఉంటుందో దాచకుండా చెప్పాలి. అలవాటుపడటానికి సమయం పడుతుందని తెలిస్తే యంత్రం బీరువాలోకి చేరదు.

వేదిక, మైకు లేకపోయినా ఫర్వాలేదు. ఈ రాత్రి భోజనాల దగ్గర టీవీ కట్టేసి, ఇంట్లో పెద్దాయన ఎదుట కూర్చుని ‘మీకు ఏ మాట వినడం కష్టంగా ఉంది?’ అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా ఆగండి. చెవి పరీక్షకు ఏ రోజు వెళ్లాలో ఆ కూర్చోవడంలోనే తేల్చుకోండి.