లాగర్ మెమరీని ఎప్పుడు చెరపాలి?

2023 జులైలో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో ఒక్కరోజే 616.5 మిల్లీమీటర్ల వాన పడిందని ఎలా తెలిసింది? ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల్లో ఇలాంటి లెక్కలు దాచేది డేటా లాగర్. వానమాపకంలోని బుల్లి గిన్నె నిండి ఒరిగిన ప్రతిసారీ లాగర్‌కు ఒక సంకేతం అందుతుంది. పావుగంటకో లెక్క రాసినా రోజుకు 96, ఏడాదికి 35,040. మెమరీ నిండితే కొన్ని లాగర్లు రాయడం ఆపేస్తాయి, కొన్ని పాతదాన్ని చెరిపేసి కొత్తది రాస్తాయి. ఎలా చూసినా నష్టమే.

లెక్కలు సిమ్ ద్వారా ఎప్పటికప్పుడు ఆఫీసుకు వెళ్తాయి కదా, ఇక మెమరీ ఎందుకు అనొచ్చు. కుండపోతలో సెల్ టవరే మూగబోతే? అప్పుడు లెక్క మిగిలేది లాగర్‌లోనే. అందుకే జనగామలోనైనా, మహబూబాబాద్‌లోనైనా ముందు కాపీ చేయాలి, సరిచూడాలి, ఆ తర్వాతే రీసెట్. పలక తుడవచ్చు, కానీ నోట్‌బుక్‌లోకి ఎక్కించాకే!